నీళ్ళు కుదిరేదాకా

లిఫ్టు మెకానిక్ ఇంట్లో, ముందు గదిలో, నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్ళున్నాయి, ఇసుక ఉంది, ఆరు రాళ్ళున్నాయి, కుళ్ళుతున్న పచ్చి రొయ్య ఒకటుంది. చేప మాత్రం లేదు.

రోజూ పని నుంచి రాగానే దాని ముందు కుర్చీ వేసుక్కూర్చునేవాడు. గాజులో తన మొహమే కనబడేది. 'ప్రస్తుతానికి ఇందులో ఉన్న జలచరం ఇదొక్కటే' అనుకునేవాడు.

ఇదంతా చేపల మీద ప్రేమతో కాదు. చేపకి తల ఎటో తోక ఎటో, అంతవరకే అతనికి తెలుసు. తొట్టి కొన్న రోజు ఆ చేపల షాపు ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి లోపలికి వెళ్ళాడు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి అతన్ని చూసి చేతిలో వల పక్కన పెట్టింది.

"ఏం కావాలి సార్?"

ఆ 'సార్' వినగానే అతనికి మాట తడబడింది. ఏం కావాలో అనుకుని రాలేదు మరి. ఎదురుగా ఉన్నదాన్ని వేలితో చూపించాడు.

"అది ఉప్పునీళ్ళ తొట్టి. కొత్తవాళ్ళకి కష్టం. రొయ్య కుళ్ళి విషం పుట్టాలి, ఆ విషాన్ని తినే క్రిములు రాళ్ళకి పట్టాలి. నీళ్ళు కుదరడానికే నెల పైన పడుతుంది. అప్పటిదాకా చేప వెయ్యకూడదు. వారం వారం నీళ్ళు తెచ్చి చూపించాలి."

"వారం వారమా?" అతని మొహం వెలిగిపోయింది. "అయితే అదే ఇవ్వండి."

కష్టమని చెబితే సంబరపడి కొన్నవాణ్ణి ఆ షాపు అదే మొదటిసారి చూసి ఉంటుంది.

అప్పట్నుంచి ప్రతి శనివారం చిన్న సీసాలో తొట్టినీళ్ళు పట్టుకుని బయల్దేరేవాడు. భార్యే దగ్గరుండి చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చేది.

"ఆ నీలంది వేసుకోండి. అందులో కాస్త మనిషిలా ఉంటారు."

తిరిగి రాగానే గుమ్మంలోనే అడిగేది. "ఏమంది?"

"ఇంకో వారం ఆగాలంది."

"అంతేనా?"

"ఉప్పు ఎక్కువైందంది. కొలత చూడకుండా గుమ్మరించి ఉంటారంది."

"బాగానే కనిపెట్టింది," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి వచ్చేది కాదు.

షాపులో ఆ అమ్మాయి గాజు గొట్టంలో నీళ్ళు పోసి, చుక్కల మందు వేసి ఊపేది. పసుపు రంగు తేలితే నీళ్ళు మంచివి, ఆకుపచ్చ తేలితే విషం. రంగు తేలడానికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ అతను స్టూలు మీద చేతులు కట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా కూర్చునేవాడు.

"చాలామంది మొదటిరోజే చేపలు వేసేస్తారు సార్," అంది ఒకసారి. "ఆగలేనిది వాళ్ళు. చచ్చేది చేపలు."

"నేనూ ఆగలేని రకమే. తొందరపడి నోరు పారేసుకున్న రోజులు కూడా ఉన్నాయి."

ఆమె గొట్టం వైపే చూస్తూ, "ఆకుపచ్చే," అంది.

పనిలో తోటి మెకానిక్ ఊరుకోలేదు. "చేపల్లేని తొట్టికి ఇన్ని తిరుగుళ్ళా? నీళ్ళ కోసమా, నీళ్ళు చూసే అమ్మాయి కోసమా?"

అతను నవ్వేసి, లిఫ్టు మీదకెక్కి స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. అప్పటికే బిగించినవాటినే.

ఆరో శనివారం గొట్టంలో పసుపు రంగు తేలింది.

"కుదిరిపోయాయి సార్! వచ్చే వారం వచ్చి రెండు చేపలు తీసుకెళ్ళండి. ఇక నీళ్ళు తేనక్కర్లేదు."

ఆ రోజు అతను ధ్యాస లేక తన ఇల్లు దాటి రెండు వీధులు ముందుకి వెళ్ళిపోయాడు.

ముప్ఫై ఏళ్ళుగా వేలమందిని తీగల మీద భద్రంగా ఎక్కించి దించిన మనిషి, ఆ గురువారం వంటింట్లో దొంగలా నిలబడి, నీళ్ళ సీసాలో రొయ్య ముక్క వేసి మూత బిగించాడు. వెనక్కి తిరిగేసరికి భార్య.

"ఒక్కటి సరిపోతుందా?" అంది ఆవిడ.

ఏడో శనివారం గొట్టం ఆకులా పచ్చబడింది. అమ్మాయి నుదురు ముడిచింది. "పోయిన వారం బాగున్నాయే!" ఎనిమిదో శనివారం, తొమ్మిదో శనివారం కూడా అంతే. అతను ప్రతిసారీ దిగులు నటించాడు. నటన ఘోరంగా ఉందని అతనికే తెలిసిపోతోంది.

పదో శనివారం ఆమె మూత తీసి వాసన చూసింది.

"ఇవి తొట్టిలో నీళ్ళేనా?"

"అవును... దాదాపు."

"దాదాపు ఏంటి?"

అతను తల దించుకున్నాడు. "తొట్టిలోవి బాగానే ఉన్నాయి. నాలుగు వారాలైంది. చేపలు కొనేస్తే ఇంక ఇక్కడికి రావడానికి వంక ఉండదని..."

యాభై ఏడేళ్ళ వయసు, ఇస్త్రీ చొక్కా, రొయ్య కంపు. బయటివాడెవడైనా ఇలా దొరికిపోయి ఉంటే తను పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఆమె సీసా సింకులో ఒంపేసింది. గొట్టం కడిగి బోర్లించింది. వారం వారం రంగు రాసుకునే పుస్తకం తీసి పదో వారానికి ఎదురుగా ఏదో రాసింది. రెండు ముక్కలు రాయడానికి చాలాసేపే పట్టింది.

"నీళ్ళింకా కుదరలేదు," అంది తల ఎత్తకుండానే, "వచ్చే శనివారం మళ్ళీ పట్టుకురా నాన్నా, ఈసారి అమ్మని కూడా తీసుకురా."