పసుపు గీత

ఇంకాస్త ఇటు జరిగి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

"అమ్మా, నీ అరచెయ్యి ఇటు చూపించు," అంది టైలరమ్మ.

"ఎందుకూ?" ముసలావిడ చెయ్యి వీపు వెనక దాచుకుంది.

"నా బల్ల మీద పసుపు గీత చెరిపిన దొంగెవరో తేలాలి."

బట్టలు కత్తిరించే ఆ పొడుగు బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచి ఉంది. ఆ ఇంట్లో చొక్కా కుట్టాలన్నా, ప్రయాణం కట్టాలన్నా ముందు కాగితం మీద సుద్దగీతలు పడాల్సిందే. వచ్చే ఆదివారం వాటర్ పార్కుకు వెళ్తున్నారు. పొద్దున తొమ్మిదింటి బస్సు మొదలుకొని సాయంత్రం తడిబట్టల సంచీ ఎవరు మోయాలన్నది దాకా అంతా ఆ కాగితం మీద ఉంది. ఎలక్ట్రీషియన్ మొగుడికి నీలం సుద్ద, పిల్లల్లో పెద్దదానికి ఎరుపు, చిన్నవాడికి ఆకుపచ్చ, తనకు తెలుపు, ముసలావిడకు పసుపు. నాలుగు గీతలు చక్కగా ఉన్నాయి. పసుపుది మాత్రం ఉత్త మరకగా మిగిలింది.

ముసలావిడ అరచెయ్యి చామంతి పువ్వులా ఉంది.

"ఏదో పొరపాటున తగిలుంటుంది."

"తొమ్మిదింటి నుంచి ఐదింటి దాకానా? మూరన్నర పొడుగు పొరపాటా?"

గుమ్మం పక్కన ప్లగ్గు బిగిస్తున్న ఎలక్ట్రీషియన్ కిసుక్కున నవ్వాడు. "దొరికిపోయారత్తయ్యా. ఒప్పేసుకోండి."

"నువ్వా తీగల సంగతి చూసుకో నాయనా. షాక్ కొట్టగలదు," అని అతని నోరు మూయించి, ముసలావిడ టైలరమ్మ వైపు తిరిగింది. "నేను రానే. నా మోకాలి సంగతి తెలుసుగా. మీ నలుగురూ వెళ్లండి. ఆదివారం నేను మా తమ్ముడింటికి పోతున్నా. వాడికి చెప్పేశా కూడా."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

ముసలావిడ కిటికీలోంచి బయటికి చూసింది. "చూద్దాం. మీ సంసారం మీది. మధ్యలో నేనొకదాన్ని ఎన్నాళ్లని?"

"ఎవరి మధ్యలో?"

ముసలావిడ చేతికంటిన పసుపు కొంగుకు తుడుచుకుంది.

మంచం కింద పెట్టె అప్పటికే సర్ది ఉందని టైలరమ్మకు తెలుసు. ఊడుస్తుంటే చీపురుకు తగిలి, కదలనంత బరువుగా ఉంది. ఇంకొకతె అయితే ఏడ్చేది, లేదంటే మూతి ముడుచుకుని కూర్చునేది. ఈవిడ పసుపు సుద్ద తీసి, చెరిగిన చోటే మళ్లీ గీసింది, ఈసారి రెండింతలు లావుగా.

అంతటితో ఆగిందా? మర్నాడు దుకాణం మూసి, ఒక్కతే బస్సెక్కి పార్కు చూసొచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది.

"చిన్న కొలనుకు పదకొండు మెట్లు. కుడిపక్కన కమ్మీ ఉంది. నీ నొప్పి ఎడమ మోకాలు కాబట్టి బరువంతా కుడివైపు వేసి దిగొచ్చు. నీళ్లు నీ పిక్కలు దాటవు. ఒడ్డునే నీడ, కుర్చీలు."

"మెట్లు లెక్కపెట్టడానికి అంత దూరం వెళ్లావా? పిచ్చిదానా!"

"అవును. నూలు బట్టలతో నీళ్లలోకి రానివ్వరట. లేచి నిలబడు, కొలతలు తీసుకోవాలి."

రెండు రోజుల్లో ముసలావిడకు నైలాన్ బట్టలు తయారయ్యాయి. చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండల దాకా. ఎడమ మోకాలి దగ్గర మాత్రం లోపల పట్టీ పట్టేంత వదులు. అలాంటి కుట్టు నేను మళ్లీ ఎక్కడా చూడలేదంటే నమ్మండి.

"వేసుకుంటే అమ్మమ్మ అచ్చం కప్పే!" అన్నాడు చిన్నవాడు.

"కప్ప మనవడివి నువ్వేరా, గుర్తుపెట్టుకో!" అంది ముసలావిడ. నవ్వింది గానీ, పెట్టె విప్పలేదు.

"అమ్మమ్మా, నువ్వు రాకపోతే నేనూ వెళ్లను," అని పెద్దది కాళ్లకు చుట్టుకుంది. ముసలావిడ దాని తల నిమిరింది.

శనివారం పొద్దున టైలరమ్మ టికెట్ల ఆఫీసుకు బయల్దేరుతూ, "నువ్వూ రా," అంది. "పెద్దవాళ్ల కాగితం పెద్దవాళ్లే రాయాలట. రాయనంటావా, అక్కడే ఆ మాట చెప్పెయ్. నాలుగే తీసుకుంటా. ఇక బలవంతపెట్టను."

బస్సులో దారి పొడుగునా ఇద్దరూ పోట్లాడుకుంటూనే వెళ్లారు. కౌంటరులోని అమ్మాయి కాగితం ముందుకు జరిపింది.

"అరవై దాటినవాళ్లు తమ వెంట ఉండే మనిషి పేరు, ఆ మనిషి తమకు ఏమవుతారో స్వయంగా రాయాలండీ. నీళ్ల దగ్గర ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి కదా." ఇద్దరి మొహాలూ చూసి నవ్వింది. "మిమ్మల్ని అడగక్కర్లేదనుకోండి. కోపమొస్తే ఇద్దరి ముక్కులూ ఒకేలా ఎర్రబడుతున్నాయి!"

వారం రోజులుగా ఊపిరి తిప్పుకోకుండా వాదించిన టైలరమ్మ, పెన్ను ముసలావిడ ముందు పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడింది.

ముసలావిడకు చదువు అంతంతమాత్రం. పెన్ను పట్టుకుని, ఏ గడి ఎక్కడో వేలితో తడిమి చూసుకుంది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. మెల్లగా టైలరమ్మ పేరు రాసింది. తర్వాతి గడిలో, ఒక్కో అక్షరమే దిద్దుతూ, "కూతురు" అని రాసింది.

"మా తమ్ముడికి ఫోన్ కలుపు," అంది. "రావడం లేదని చెప్పాలి."

టైలరమ్మ ఫోనైతే తీసింది గానీ, కళ్లు తుడుచుకుంటే తప్ప అంకెలు కనపడలేదు.

ఈ కథ గుర్తుపెట్టుకోండి, నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు ఈ ఒక్క మాట మాత్రం నాలాగే చివరికి ఉంచండి.

ముసలావిడ కన్న ఒక్కగానొక్క కూతురు, ఆ ఎలక్ట్రీషియన్ మొదటి భార్య, పోయి అప్పటికి నాలుగేళ్లు.