కాన్పుల ఆస్పత్రి వెనక కిటికీ

ఆస్పత్రి వెనక కిటికీ కింద ఎవరో కర్పూరం వెలిగించారు.

చెంబు కడుక్కోవడానికి అటు వెళ్ళిన వెంకటమ్మ అది చూసి ఆగిపోయింది. ఆ కిటికీకి అవతలే ఆమె కోడలు రేవతి చావుబతుకుల్లో ఉంది.

తెల్లవారుజామున కాన్పయింది. ఆడబిడ్డ. బిడ్డ బాగానే ఉంది, తల్లికే నెత్తురు ఆగడం లేదు.

"ఈయమ్మ రక్తం గ్రూపు ఈడ దొరకదు. మదనపల్లెలో ఇచ్చే మనిషి ఉండాడు. ఫోన్ చేసినాను, వస్తాండాడు" అని డాక్టరమ్మ కృష్ణవేణి చెప్పి చాలాసేపయింది. రేవతి మొగుడు మునికుమార్ గేటు దగ్గరే నిలబడి వచ్చే ప్రతి మోటారు సైకిలునూ చూస్తున్నాడు.

అసలు పుంగనూరులో ఆ కట్టడమంటేనే వెంకటమ్మకు దడ. ఒకప్పుడు అందులో జమీందారు గుర్రాలను కట్టేసేవారట. తర్వాత సర్కారు దాన్ని జైలు చేసింది. జైలు పోయాక బడి పెట్టారు, బడి పోయాక బియ్యం మూటలు వేశారు. తొంభైలో ఎవరో సున్నం కొట్టించి, మంచాలు వేసి, కాన్పుల ఆస్పత్రి అన్నారు. ఎంత సున్నం కొడితే మాత్రం ఏం లాభం, కిటికీలకు ఆ జైలు ఊచలే ఉన్నాయి.

కర్పూరం ముందు నిలబడిన మనిషికి యాభై దగ్గర ఉంటాయి. పంచె, భుజాన తువ్వాలు. ఊచలు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఎవురప్పా నువ్వు? ఈడేం పని నీకు?"

ఆయన కళ్ళు తెరిచాడు. "ఏం లేదమ్మా. లోపలుండే ఆయమ్మ పేరేంది?"

వెంకటమ్మ గబుక్కున వెనక్కి జరిగింది. కర్పూరం వెలిగించి మరీ పేరు అడుగుతున్నాడు. పేరు తెలియనిదే చేతబడి పారదని ఆమెకు తెలియదా?

"ఒరే మునికుమారూ, రారా. వీడెవుడో కోడలికి చేతబడి చేస్తాండాడు."

"అమ్మా, నా మాట ఇను. డాక్టరమ్మ..."

"వాని నోరు మూయండిరా. మంత్రం సదవతాడు."

మునికుమార్‌తో పాటు ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. ఆయన తువ్వాలు ఆయన నోట్లోనే కుక్కారు. ఆయన తల అడ్డంగా ఊపుతూ ఆస్పత్రి వైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి కూడా వెనక్కి విరిచి పట్టుకున్నారు.

"నువ్వు యాల వచ్చినావో మాకు తెలుసులే" అన్నాడు మునికుమార్. "నా పెండ్లాం సస్తే నిన్ను బతకనియ్యను."

అన్నంత పనీ చేసేవాడే. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు చూసి ఎత్తిన చెయ్యి దించాడు.

రోడ్డు మీద రెండు గంటల దూరంలో ఉండే కుప్పానికి పోయే బస్సు కదులుతోంది. ఆపి అందులోకి తోశారు.

"పిచ్చోడప్పా. దావలో యాడా దించొద్దు. ఏం సెప్పినా ఇనుకోవద్దు" అని కండక్టరుకు మరీ మరీ చెప్పాడు మునికుమార్.

బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. పెళ్ళాం కోసం ఇవాళ ఇదొక్కటైనా చేయగలిగాననుకున్నాడు, పాపం.

తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ వరండాలో ఉంది. చేతి తొడుగుల నిండా నెత్తురు.

"రామప్ప యాడ?"

"రామప్ప ఎవురు మేడం?"

"రక్తం ఇచ్చే ఆయన. మదనపల్లె బస్సు దిగినానని బస్టాండు నుంచి ఫోన్ చేసినాడే. పిల్చుకోని రాండి, ఇంక అర్ధగంట కూడా ఆగేదానికి లేదు."

"ఎవురూ రాలేదు మేడం. నేను గేటు కాడనే ఉండాను."

"గేటు కాడ యాల ఉంటాడప్పా, ఆ వెనక కిటికీ కాడ సూడు. ఇది జైలుగా ఉన్నప్పుడు ఆ గదిలోనే వాళ్ళమ్మ ఆయన్ని కని, ఇట్లనే నెత్తురు పోయి సచ్చిపోయింది. అందుకే ఈడికి ఎప్పుడు రక్తం ఇచ్చేదానికి వచ్చినా, లోపలుండే తల్లి పేరు సెప్పి, ఈమెనన్నా బతికించమ్మా అని వాళ్ళమ్మకు మొక్కుకున్నాకనే లోపలికి వస్తాడు."