నిదానం కంప్యూటర్

"గేమ్ ఆడేదానికి ఈ రెండు ఎస్‌ఎస్‌డీల్లో ఏది లాభం, సెల్వీ?" అన్నాడు మిల్లు యజమాని కొడుకు ఉదయకుమార్. మిల్లులో హాజరు కంప్యూటర్ నడిపే సెల్వికి ఇవన్నీ తెలుసని రాజపాళయం బజారులోని షాపుకు వెంటబెట్టుకొచ్చాడు.

"తక్కువ ధరదే చాలు సార్. ఎక్కువిచ్చినా గేమ్‌కి అంతే వేగం. మిగిలే దుడ్డులో మిల్లు కంప్యూటర్‌కూ చిన్నదొకటి కొనండి, పెడితే గబుక్కున లేస్తాది. మీరు ఆఫీసు తాళం తీసేదే బెల్లు కొట్టేటప్పుడు. ఆ కంప్యూటర్ లేచేసరికి ఇప్పుడు పది నిమిషాలవుతాది. వేలిముద్ర పెట్టేదానికి నిలబడిన ఆడోళ్లకంతా లేట్ పడి అరపూట కూలి పోతాది."

ఉదయకుమార్ నవ్వాడు. "పోయినేడే నేను కొత్తది తెచ్చినా. నాయనే వద్దన్నారు. అది నిదానంగా ఉంటేనే మనకు మంచిదంట."

సెల్వి చేతిలోని ఎస్‌ఎస్‌డీ డబ్బాను బల్ల మీద పెట్టేసింది. మూడేళ్లుగా ఆ ఆడవాళ్ల ముందు ఆ కంప్యూటర్‌నే తిట్టింది. వాళ్లూ నమ్మి దాన్నే తిట్టారు.

"ఏమైంది?" అన్నాడతను.

సెల్వి అతని ముందే ఫోన్ తీసింది. మిల్లులో అందరికంటే పాత మనిషి అఖిలాండానికి కలిపింది.

"అత్తా, రేపు బెల్లు కొట్టినాక ఎవురూ లోపలికి పోవద్దు. గేటు దగ్గరే ఉండండి. నేనూ మీతోనే నిలబడతా."