మూడు గ్లాసులు, ఒక ముక్కు

పొద్దున పదింటికి, కాఫీ గ్లాసులు ఇంకా కడగకముందే, మాలకొండయ్య ముందు మూడు గాజు గ్లాసుల్లో నల్లటి బీరు పోసి పెట్టాడు సురేంద్ర.

సురేంద్రది బెంగుళూరు. పని మీద కారేసుకుని ప్రత్తిపాడులో మాలకొండయ్య ఇంటి దాకా వచ్చాడు. వాళ్ళ కంపెనీ బెల్జియం పద్ధతిలో ఏల్ అనే ఒక రకం బీరు కాస్తుంది. ఎండన పడొచ్చి గటగటా తాగేసేది కాదది. చిక్కగా, ఘాటుగా ఉంటుంది. మసాలా దినుసులు వేసి కాచి, సీసాల్లో పోసి, ఏళ్ళ తరబడి చీకట్లో దాస్తారు.

“ఎంత పాతబడితే అంత విలువండీ,” అన్నాడు.

“అయితే మా ఆయన జాతి కాదన్నమాట,” అంది మాలకొండయ్య భార్య అంకమ్మ, కుర్చీ లాక్కుని మొగుడి పక్కనే కూర్చుంటూ.

ఆ బీరులోకి ఏటా మిరపకాయలు, ధనియాలు, లవంగాలు ఎంచిపెట్టే మనిషి కావాలి కంపెనీకి. గుంటూరు మిర్చి యార్డులో ఎవరిని అడిగినా మాలకొండయ్య పేరే చెప్పారు. కాయ విరిచి వాసన చూసి, అది ఏ ఊరి చేలో కాసిందో చెప్పేవాడట. యార్డులో వ్యాపారులు ఆయన్ని ‘ముక్కుగారూ’ అని పిలిచేవారట. మిరప దుమ్ము పడటం లేదని చెప్పి నాలుగేళ్ళ కిందట పని మానేసి ఇంటిపట్టున ఉన్నాడు.

ఈ ఉద్యోగం తప్పిపోతే ఇక మిగిలింది కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పని. ఒకప్పుడు ‘ముక్కుగారూ’ అన్నవాళ్ళ కార్లకి గేటు తీసి సలాం కొట్టాలి. అది తలుచుకుంటేనే మాలకొండయ్యకి చొక్కా తడిసిపోతోంది.

“వీటిలో ఒకటి ఈ ఏడాదిది, ఒకటి పోయినేడాదిది, ఒకటి మూడేళ్ళ కిందటిది,” అన్నాడు సురేంద్ర. “ఏది పాతదో చెప్పాలి. ఏమేం వేశామో కూడా చెప్పాలి.”

మాలకొండయ్య మొదటి గ్లాసు మీద చెయ్యి వేశాడు. అంకమ్మ లాగేసుకుంది.

“బీపీ మనిషి బాబూ. ఈయన నోట్లోకి ఏది పోవాలన్నా ముందు నేను చూడాల్సిందే.” వేలు ముంచి నాలిక మీద రాసుకుంది. మొహం చిట్లించింది. “ఓరి నాయనో! పళ్ళ డాక్టరు గదిలోకి పోయినట్టుందయ్యా! పైగా మాడిన పాకం ఒకటి. గొంతంతా గీరుకుపోయింది. దీన్ని డబ్బులిచ్చి మరీ తాగుతారా జనం?”

“కాసేపు నోరు మూసుకోవే,” అన్నాడు మాలకొండయ్య. గ్లాసు మెల్లగా తిప్పాడు. ముక్కు కింద పెట్టుకున్నాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్ళు మూశాడు.



“లవంగం. ఒక పిసరు ఎక్కువైంది. పంచదార పాకం నల్లబడేదాకా కాచి పోశారు. ఇది కుర్ర సరుకు. ఇంకా పొగరు తగ్గలేదు.”

సురేంద్ర గబగబా ఫోన్లో రాసుకున్నాడు.

రెండో గ్లాసు కూడా అంకమ్మ వేలు దాటే రావలసి వచ్చింది. “ధనియాల డబ్బాలో దగ్గుమందు ఒలికినట్టుంది. ఎవరో నారింజ తొక్క కంట్లో పిండినట్టు ఆ చురుకొకటి! మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏమీ అనరా అబ్బాయ్?”

మాలకొండయ్య ఈసారి మరింత సేపు కళ్ళు మూసుకున్నాడు.

“నారింజ తొక్క. ధనియాలు. దంచి వేశారు, పొడి కొట్టలేదు.”

“అదెలా తెలిసిందండీ!”

“పొడి కొడితే ఇంత మర్యాదగా ఉండదు,” అన్నాడు మాలకొండయ్య గంభీరంగా.

ఇంత గొప్ప మనిషి చెవిలో ఈ జోరీగ ఏమిటని సురేంద్రకి ఒళ్ళు మండింది. “అమ్మా, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతారా? తొందరేం లేదు, నిదానంగా తెండి.”

అంకమ్మ లోపలికి వెళ్ళింది. సురేంద్ర మూడో గ్లాసు ముందుకి జరిపాడు. మాలకొండయ్య చెయ్యి కదల్లేదు.

“తీసుకోండి సర్. ఇప్పుడు ప్రశాంతంగా ఉంది.”

“ఆవిణ్ణి రానివ్వండి.”

“ఎందుకండీ?”

“మీకు పెళ్ళయిందా?”

“ఇంకా లేదండీ.”

“అదీ సంగతి. ఆవిడ చూస్తుండగా తాగితే ఉద్యోగం. చూడకుండా తాగితే తాగుడు.”

సురేంద్ర పగలబడి నవ్వాడు. మాలకొండయ్య కూడా నవ్వాడు, నుదురు తుడుచుకుంటూ.

నీళ్ళ చెంబుతో వచ్చిన అంకమ్మ ఈసారి వేలు ముంచలేదు. ఏకంగా ఒక గుక్క తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

“ఇదొక్కటే కాస్త మనుషులు తాగేలా ఏడిసింది,” అంది చివరికి. “గొంతులో గీరుకోలేదు. అటక మీద మర్చిపోయిన ఎండుద్రాక్షలా ఉంది. మింగేదాకా కారం ఉందనే తెలియలేదు, దొంగముండది.”

మాలకొండయ్య తాగాడు. గోడ మీద క్యాలెండరు వంక చూశాడు. గ్లాసు కింద పెట్టాడు.

“ఎండుద్రాక్ష వాసన పట్టింది. ఘాటు సర్దుకుంది. మూడేళ్ళది ఇదే. ఇందులో మిరపకాయ కూడా వేశారు. మాది కాదు, మీ కర్ణాటక బ్యాడిగి. మా గుంటూరు కాయ మీరు మింగేదాకా ఆగదు బాబూ.”

సురేంద్ర గ్లాసు ఎత్తి అడుగున అంటించిన చీటీ చూశాడు. లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. కాగితాల మీద సంతకాలు అక్కడికక్కడే అయిపోయాయి.

కారెక్కబోతూ అంకమ్మ దగ్గర ఆగాడు. “ఏమీ అనుకోకండమ్మా. ఇలాంటి ముక్కు వందేళ్ళకి ఒకటి పుడుతుంది. జాగ్రత్తగా చూసుకోండి.”

“జలుబు చెయ్యకుండా చూసుకుంటాలే బాబూ,” అంది అంకమ్మ.

నాలుగేళ్ళ కిందట కరోనా జ్వరం వచ్చి తగ్గిన నాటి నుంచి మాలకొండయ్యకి ఏ వాసనా, ఏ రుచీ తెలియడం లేదన్న సంగతి ఈ లోకంలో ఎరిగింది అంకమ్మ ఒక్కతే.