ఆఖరి ఫొటో

"కట్."

ముసలావిడ మళ్లీ నాటు ఆపి నడుం ఎత్తింది. ఇది మూడోసారి.

డైరెక్టర్ కౌశల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి? చేవెళ్ల దాటాక కరెంటు స్తంభం కనపడని ఈ ఒక్క మడి దొరకడానికే నెల పట్టింది. నారు ఇంకొక్క షాటుకే మిగిలింది. పొద్దు వాలుతోంది. హీరోయిన్ ఐదింటికి కారెక్కేస్తుంది.

పైగా ఇది అల్లాటప్పా సీను కాదు. సినిమాకి ప్రాణమే ఇది.

నైజాం కాలం. దొర పొలంలో వెట్టికి నాట్లేస్తున్న ఒక తల్లి. గట్టు మీద గుడ్డ ఉయ్యాలలో చంటిపాప. పాప గుక్కపట్టి ఏడుస్తుంది. పట్టిన మునుం వరస పూర్తికాకుండా ఎవరూ గట్టెక్కకూడదని దొర హుకుం. అయినా తల్లి ఎక్కుతుంది. దొర గడీ ముందు కట్టేసి సాయంత్రం దాకా కొడతారు. మర్నాడు ఊళ్లో ఒక్క ఆడమనిషి కూడా దొర మడిలో కాలు పెట్టదు.

కట్టుకథ కాదు. మోకిల పక్క ప్రొద్దుటూరు నుంచి చేవెళ్ల దాకా రెండేళ్లు ఊరూరా తిరిగితే, యాదయ్య అనే పెద్దాయన చెప్పాడు. దెబ్బలు తిన్న తల్లి పాపను ఎత్తుకుని ఊరు విడిచి వెళ్లిపోయిందట. పేరు ఆయనకీ గుర్తులేదు.

పాతకాలంలో నిజంగా జరిగిన కథలతో తీసిన సినిమాలంటే కౌశల్‌కి పిచ్చి. కోస్తా నుంచి వచ్చి మోకిలలో ఇల్లు కట్టుకున్న నాన్న ఇంజనీరింగ్ అంటుంటే, ఇతను ఆ సినిమాలే చూస్తూ పెరిగాడు. చివర్లో తెరమీద అసలు మనిషి ఫొటో పడుతుంది చూడండి, హాలంతా లేచి నిలబడుతుంది. ఆ ఒక్క క్షణం కోసం టికెట్టు కొనేవాడు.

తన సినిమాకీ అలాంటి ఫొటో కావాలి. తల్లిది కాకపోతే ఆ పాపది. కాళ్లరిగేలా తిరిగినా దొరకలేదు.

ఆ ఉక్రోషం కూడా ఇప్పుడు ముసలావిడ మీదే పడింది.

"ఏంటవ్వా నీ గోల?"

ఆమె బురదకాళ్లతో మెల్లగా గట్టెక్కింది. ఒక చెయ్యి నడుం దగ్గర కొంగుముడి మీదే ఉంది. ఉయ్యాలలో ఉన్న బొమ్మను తొంగి చూసింది. స్పీకర్లోంచి వస్తున్న ఏడుపు విని తల అడ్డంగా ఊపింది.

"పిల్ల ఏడ్వది బిడ్డా," అంది.

"ఏంటి?"

"నాట్లకు వోయేటప్పుడు పిల్లలకు నువ్వుగింజంత నల్లమందు నాకించి పండవెట్టేటోళ్లు. ఏడిస్తే తల్లికి దెబ్బలు వడ్తయని. ఆ దినం పొద్దు నెత్తిమీదికొచ్చినా ఉయ్యాలల సప్పుడు లేదు. గందుకే ఒడ్డెక్కింది ఆ తల్లి. ఏడుస్తున్నదని కాదు, ఏడుస్తలేదని."

నాట్లేసే ఆడవాళ్లంతా చేతులాపి వింటున్నారు. కౌశల్‌కి అది ఇంకా కంపరంగా ఉంది. తెరమీద పాప ఏడవకపోతే హాల్లో జనం ఎలా ఏడుస్తారు?

"నువ్వు చూశావా?"

"సూసుడు కాదు బిడ్డా, నేను..."

"చూడలేదు కదా. రాసింది నేను. రెండేళ్లు తిరిగింది నేను. నాకు నేర్పకు."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కూలీలను తోలుకొచ్చిన సాయిలును పిలిచి, ఈమెను ఎవడు తెచ్చాడని చిందులు తొక్కాడు. నా లిస్టులో లేదు సార్, తనంతట తనే వచ్చి మడిలో దిగిందని సాయిలు నసిగాడు.

"పంపించెయ్. మళ్లీ కనపడకూడదు."

ఆమె కాలవ దగ్గరకి నడిచింది. కాలవలో కాళ్లు కడుక్కుంది. పోతూ పోతూ, ఉయ్యాల గుడ్డ ఒక పక్కకి జారి ఉంటే ముడి సరిచేసి కట్టింది.

నాలుగో షాటు ఓకే అయింది. స్పీకర్లో పాప బ్రహ్మాండంగా ఏడ్చింది.

సినిమా విడుదలైన వారం, కౌశల్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి చేవెళ్లలో ఒక ఆట ఉచితంగా వేయించి, హాలు వెనకాల నిలబడ్డాడు.

పాప ఏడ్చే సీనుకి హాలంతా ముక్కులు చీదింది. సరిగ్గా అప్పుడే ఒక ముసలావిడ లేచి, పక్కనున్న అమ్మాయి భుజం పట్టుకుని బయటకి నడిచింది. కౌశల్ గుర్తుపట్టాడు. ఒళ్లు మండిపోయింది. షూటింగులో చేసింది చాలక ఇక్కడికీ తయారైంది.

చివర ఫొటో లేదు. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు పడ్డాయి: 'ఆ తల్లి పేరు ఎవరికీ తెలియదు. ఆ పాప ఏమైందో తెలియదు.'

అయినా హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు.

కౌశల్ కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగితే, ఇందాకటి అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఆ అక్షరాలే చదువుతోంది. తన పేరు వెన్నెల అనీ, మొయినాబాద్ దగ్గర ఉంటామనీ, ఇందాక లేచిపోయింది వాళ్లవ్వ గోపమ్మ అనీ చెప్పింది.

"ఏం, మీ అవ్వకి ఇంకా ఏం తప్పులు దొరికాయి?" అన్నాడు వెటకారంగా.

వెన్నెల మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"అవ్వ ఆనాడు నాట్లెయ్యనీకి రాలే సార్. మీరు ఫొటో కోసం తిరుగుతున్నరని విని వచ్చింది. వాళ్లమ్మది పాత రేషన్ కార్డు ఫొటో ఒక్కటే ఉన్నది. కొంగున ముడేసుకొని తెచ్చింది మీకిద్దామని."

కౌశల్ ఒక అడుగు ముందుకేశాడు.

"వాళ్లమ్మ... అంటే?"

వెన్నెల రోడ్డు వైపు చెయ్యి చూపించింది.

"ఆ పాప ఏమైందో తెల్వదని రాసిండ్రు గద సార్," అంది. "అగో, ఆ ఆటోల కూసున్నది, ఇగ ఫొటో మాత్రం మీకియ్యదట."