వెలిసిన గోడ

"ఈ గోడకేమొచ్చింది మేస్త్రీ, రంగు బాగానే ఉందిగా!" అంది డాక్టరుగారి భార్య, కింది గది గుమ్మంలో నిలబడి. "పైన అంత గాలీ వెలుతురూ ఉన్న గది పెట్టుకుని, పడక కిందికి మార్చాలట. ఈయనకేం బుద్ధి పుట్టిందో!"

మేస్త్రి నవ్వి, గోడకున్న నిలువుటద్దం దించాడు. దాని వెనక ముదురు నీలం బయటపడింది. చుట్టూ గోడంతా పాలిపోయి ఉందని అప్పుడుగానీ ఆమెకు తెలియలేదు.

"అమ్మో, ఇంతలా వెలిసిపోయిందా!"

"అంతా ఒక్కలాగే వెలిస్తే కంటికి ఆనదమ్మా. పోల్చుకోవడానికి పక్కన ఒక్క ముక్కైనా మంచిది ఉండాలి."

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. బల్ల దగ్గర ఏవో కాగితాలు తిరగేస్తున్న డాక్టరుగారు తలెత్తారు. ఆయన ఎముకల డాక్టరు.

"ఏమన్నావ్? మళ్లీ చెప్పు."

మేస్త్రి మళ్లీ చెప్పాడు. డాక్టరుగారు ఒక రిపోర్టు అతని ముందుకు జరిపారు. అందులో వరసగా గుండె బొమ్మలు. అన్నిట్లోనూ అంచు చుట్టూ ఒకటే నారింజ రంగు.

"నాకు బాగా తెలిసినవాడొకడున్నాడు. పది మెట్లెక్కితే ఛాతీ బరువంటాడు. గుండెకు రక్తం ఎలా అందుతోందో స్కాన్ తీశారు. అన్ని వైపులా సమానంగా అందుతోంది, భయం లేదన్నారు."

"సమానంగా అంటే సరిపడా అనేనా బాబుగారూ?"

డాక్టరుగారు కళ్లజోడు తీశారు.

"మిషను ఒక వైపును ఇంకో వైపుతో పోల్చే చెబుతుంది."

"మరి అన్ని వైపులా ఒకేలా తగ్గితే?"

ఆయన ఆ బొమ్మల్ని మళ్లీ ఒక్కొక్కటిగా చూశారు.

"మీరు డాక్టరై ఉండి ఊరుకున్నారేంటండీ? ఆ పెద్దమనిషికి పెళ్లాం పిల్లలు లేరా?"

"ఉన్నారు. కూతురికి వచ్చే నెల్లో కాన్పు."

"అయితే చెవి మెలిపెట్టి ఇవాళే లాక్కెళ్లండి!"

డాక్టరుగారు ఫోన్ తీసి, గుండె డాక్టరైన స్నేహితుడికి చేశారు. మేస్త్రి కూడా వినాలని స్పీకరు పెట్టారు.

"ఒరేయ్, మూడు రక్తనాళాలూ ఒకేలా పూడుకుంటే, స్కాన్ బాగున్నట్టే రావచ్చా?"

"అరుదేగానీ, రావచ్చు. ఛాతీ బరువుంటే మాత్రం ఆ కాగితం నమ్ముకుని కూర్చోకూడదు. యాంజియోగ్రామ్ చేసి చూడాల్సిందే. రేపు పొద్దున్నే తీసుకురా. ఇంతకీ ఎవరికి?"

డాక్టరుగారు వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"నాకేరా."