సున్నా కింద

"సున్నా కింద అంకెలేంటి బావా? వానలొస్తే నిండిపోదూ?" రంగు డబ్బా మూత తీస్తూ అడిగాడు పెయింటర్.

"నిండుతుంది. కానీ ఎండలు ముదిరేకొద్దీ ఇలాంటి ఏళ్లు తరచూ వస్తాయట. పడ్డ వాన కూడా నిలవదట." జలాశయం ఇంజనీరు ఎటో చూస్తూ చెప్పాడు.

ఎండిన బురదలో నిలబడి ఆనకట్ట గోడ చూశాడు పెయింటర్. నీటిమట్టం చూపే ఆ అంకెలన్నీ వాళ్ల నాన్న వేసినవే. ఆయన వదిలివెళ్లిన రేకు అచ్చుల్లో మైనస్ గుర్తు లేదు.

"చేత్తో గీసెయ్‌లే," అన్నాడు బావ.

అంకెలు నేల దాకా దిగాయి. చివరిది బోర్లా పడుకుని వేశాడు పెయింటర్. లేచి దులుపుకుంటూ, "పైవి వెలిసిపోయాయి. వాటికీ కొట్టనా?" అన్నాడు.

బావ తలెత్తి పైదాకా చూశాడు.

"రంగు మిగిలితే చూద్దాంలే."

సగానికి పైగా రంగున్న డబ్బాకు పెయింటర్ మూత బిగించాడు.